పిండిపదార్థాలపై ప్రతిదేహాలు

శరీరంలో ప్రవేశించిన పరాయి పదార్థాలను గుర్తించి బంధించే ప్రోటీన్లను ప్రతిదేహాలు లేదా యాంటీబాడీలు అంటారు. వీటి ఉత్పత్తికి కారణమైన పదార్థాన్ని ప్రతిజనకం అంటారు. అనేక ప్రతిజనకాలు ప్రోటీన్లే. అయితే టైఫాయిడ్, న్యుమోనియా వంటి వ్యాధులను కలిగించే కొన్ని బాక్టీరియాల పైపొర బహుశర్కరలతో, అనగా చక్కెర అణువుల పొడవైన గొలుసులతో నిర్మితమై ఉంటుంది. ఈ పిండిపదార్థాలపై ప్రతిదేహాలు తయారయ్యే విధానం భిన్నమైనది. ఈ భేదం వలననే పాత టైఫాయిడ్ బహుశర్కర టీకా రెండేళ్ళలోపు పిల్లలకు ఉపయోగపడలేదు. ఆ లోపాన్ని సవరించిన టీకా ఒకటి హైదరాబాదులో తయారైంది.

ఉత్పత్తి విధానం

బి-కణాలు అనే తెల్లరక్తకణాల నుండి ఏర్పడే ప్లాస్మా కణాలు ప్రతిదేహాలను తయారు చేస్తాయి. ప్రతిజనకం ప్రోటీన్ అయితే బి-కణం దానిని లోనికి తీసుకుని, ముక్కలు చేసి, తన ఉపరితలంపై ఉంచుతుంది. సహాయక టి-కణం ఆ ముక్కను గుర్తించి బి-కణానికి తోడ్పడుతుంది. తత్ఫలితంగా ప్రతిదేహాల బంధన శక్తి పెరుగుతుంది, జ్ఞాపక కణాలు ఏర్పడతాయి.

శుద్ధ బహుశర్కరలను బి-కణం ఈ విధంగా టి-కణానికి చూపలేదు. కాని గొలుసులో ఒకే నమూనా పదే పదే ఉండటం వలన, అది బి-కణంపై గల అనేక గ్రాహకాలకు ఒకేసారి అతుక్కుని, టి-కణం సహాయం లేకుండానే దానిని ఉత్తేజపరుస్తుంది. అప్పుడు ప్రధానంగా ఐజీఎం రకపు ప్రతిదేహాలు, కొంతవరకు ఐజీజీ వెలువడతాయి. జ్ఞాపకం సరిగా ఏర్పడదు.

ఈ పనిలో ప్లీహంలోని బి-కణాల పాత్ర ముఖ్యమైనది. రెండేళ్ళలోపు పిల్లలలో ఈ వ్యవస్థ పరిపక్వం చెంది ఉండదు. ప్లీహం తొలగించినవారిలోను, పూర్వపు ఆదిలాబాదు జిల్లా గోండులలో కనిపించే సికిల్ సెల్ రక్తహీనత వలన ప్లీహం దెబ్బతిన్నవారిలోను న్యుమోకాకస్ వ్యాధి ప్రాణాంతకం కావచ్చు.

రక్త వర్గాలు

‘ఏ’, ‘బి’ రక్తవర్గ ప్రతిజనకాలు కూడా చక్కెర గొలుసులే. ఎన్నడూ రక్తమార్పిడి జరగకపోయినా ‘ఓ’ వర్గం వారిలో ఈ రెండింటిపై ప్రతిదేహాలు ఉంటాయి. ప్రేగులలోని బాక్టీరియాలపై గల ఇటువంటి చక్కెరలకు స్పందనగా ఇవి శైశవంలోనే ఏర్పడతాయని భావిస్తారు. అందువలన సరిపడని వర్గపు రక్తం తొలిసారి ఎక్కించినా ప్రమాదమే.

సంయుగ్మ టీకాలు

చక్కెరను ప్రోటీన్‌తో రసాయనికంగా జతచేస్తే చక్కెరపై బలమైన స్పందన వస్తుందని 1929లో ఆస్వాల్డ్ ఏవరీ, వాల్టర్ గోబెల్ చూపారు. ఈ సూత్రంపై తయారైన వాటిని సంయుగ్మ టీకాలు అంటారు. చక్కెరను గుర్తించిన బి-కణం దానితోపాటు ప్రోటీన్‌ను కూడా లోనికి తీసుకుని, ఆ ముక్కలను టి-కణానికి చూపుతుంది. టి-కణం గుర్తించేది ప్రోటీన్‌ను. ప్రతిదేహాలు తయారయ్యేది చక్కెరపై.

హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ టైఫాయిడ్ బాక్టీరియా పైపొరలోని ‘వీఐ’ బహుశర్కరను ధనుర్వాత టాక్సాయిడ్‌తో జతచేసి టైప్‌బార్-టీసీవీ అనే టీకాను రూపొందించింది. దీనికి 2013లో భారతదేశంలో అనుమతి లభించింది. ఆరు నెలల వయసు నుండే దీనిని ఇవ్వవచ్చు. 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత పొందిన తొలి టైఫాయిడ్ సంయుగ్మ టీకా ఇదే. నేపాల్‌లో పిల్లలపై జరిగిన పరీక్షలో ఇది సుమారు 82 శాతం రక్షణ ఇచ్చినట్లు 2019లో వెల్లడైంది. అదే సంవత్సరం పాకిస్తాన్ దీనిని తన సాధారణ టీకాల కార్యక్రమంలో చేర్చింది. హైదరాబాదుకే చెందిన బయోలాజికల్-ఇ సంస్థ టీకాకు 2020లో ఇదే అర్హత లభించింది. భారతదేశమంతటా పసిపిల్లలకు ఇచ్చే న్యుమోకాకల్ టీకా కూడా సంయుగ్మ టీకాయే.