హోమర్ సింప్సన్ వెనక ఒక సమీకరణం

1995 అక్టోబరు చివర్లో అమెరికాలో ప్రసారమైన ‘ది సింప్సన్స్’ కార్టూన్ ఎపిసోడ్‌లో హోమర్ సింప్సన్ పుస్తకాల బీరువా వెనక నుంచి ఇంకో లోకంలోకి వెళ్ళిపోతాడు. అప్పటిదాకా పొడవూ వెడల్పూ మాత్రమే ఉన్న బొమ్మ కాస్తా అక్కడ ఉబ్బెత్తు పొట్టతో, మూడు కొలతల మనిషిగా మారి దిక్కులు చూస్తుంటాడు. అతని వెనక గాలిలో కొన్ని లెక్కలు తేలుతుంటాయి. వాటిలో ఒకటి ఇది: 1782¹² + 1841¹² = 1922¹².

ఇది నిజమైతే ఫెర్మా చివరి సిద్ధాంతం తప్పయిపోవాలి. రెండు కన్నా పెద్ద ఘాతం ఏది తీసుకున్నా, రెండు సహజసంఖ్యల ఘాతాలు కూడితే మరో సహజసంఖ్య ఘాతం రాదని ఫెర్మా 1637 ప్రాంతంలో పుస్తకం అంచున రాసుకున్నాడు. మూడున్నర శతాబ్దాల తర్వాత ఆండ్రూ వైల్స్ దాన్ని నిరూపించాడు. ఆ నిరూపణ అచ్చయింది 1995 మే నెలలో. ఆరు నెలలు తిరక్కుండానే కార్టూన్లో దానికి ఎదురు లెక్క కనిపించింది.

నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఈ సమీకరణాన్ని పదో తరగతి బోర్డు మీద రాసి, పిల్లల చేతికి సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ ఇస్తాను. ఎడమవైపు రెండూ కూడి పన్నెండో మూలం తీస్తే సరిగ్గా 1922 చూపిస్తుంది. “అయితే వైల్స్ తప్పు చేశాడా టీచర్?” అని ఎవరో ఒకరు అడుగుతారు. కాసేపటికి వెనక బెంచీ నుంచో, కిటికీ పక్క నుంచో ఇంకో గొంతు లేస్తుంది: “టీచర్, 1782 సరి, 1841 బేసి. కూడితే సరిసంఖ్య ఎలా వస్తుంది?” అంతే. సరిసంఖ్యను ఎన్నిసార్లు హెచ్చవేసినా సరిసంఖ్యే, బేసిసంఖ్యను ఎన్నిసార్లు హెచ్చవేసినా బేసే. ఎడమవైపు మొత్తం ఒకట్ల స్థానంలో 7 వస్తుంది, కుడివైపు 6. రెండూ 40 అంకెల సంఖ్యలు, మొదటి తొమ్మిది అంకెలూ ఒకటే. పదంకెలు చూపే యంత్రానికి ఆ కాస్త తేడా అందదు. ఆరో తరగతి పాఠంతో పిల్ల దాన్ని పట్టేసింది. ఆ క్షణంలో తరగతి నవ్వే నవ్వు నాకు చాలా ఇష్టం.

ఈ లెక్క పెట్టినవాడు సింప్సన్స్ రచయితల్లో ఒకడైన డేవిడ్ ఎక్స్ కోహెన్. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం, బర్క్‌లీలో కంప్యూటర్ సైన్సు చదివాడు. ఒకవైపు మాడిన అట్ల దొంతరను అట్లకాడతో తిప్పి తిప్పి, పెద్దది అడుగునా చిన్నది పైనా, మాడినవైపు కిందికీ వచ్చేలా పేర్చాలంటే ఎన్ని తిప్పులు పడతాయన్న సమస్య మీద మాన్యుయెల్ బ్లమ్‌తో కలిసి పరిశోధనా పత్రం ప్రచురించాడు. అదీ 1995లోనే. హోమర్ వెనక లెక్క కోసం ఆయన పనిగట్టుకుని కంప్యూటర్ ప్రోగ్రాం రాసి, కొద్దిలో తప్పిపోయే అంకెల్ని వెతికించాడు. తెర మీద ఉండేది కొద్ది క్షణాలే, చూసేవాళ్ళలో చాలామందికి పట్టదు. అయినా అంత శ్రమ పడ్డాడు.

ఆ రచయితల గదిలో ఆయన ఒంటరివాడు కాదు. ఆల్ జీన్ హార్వర్డ్‌లో గణితం చదివాడు. కెన్ కీలర్ అనువర్తిత గణితంలో డాక్టరేటు. జెఫ్ వెస్ట్‌బ్రుక్ ఒకప్పుడు యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. వీళ్ళకి వీసీఆర్ కలిసొచ్చింది. జనం టేపు మీద రికార్డు చేసుకుని, కావలసిన చోట బొమ్మ ఆపి చూడగలిగారు కాబట్టే తెర మూలల్లో ఇలాంటివి దాచడం మొదలైంది. 2005లో వచ్చిన ‘ఎక్స్‌కేసీడీ’ వెబ్‌కామిక్‌లోనూ అదే వరస. నాసాలో పనిచేసిన రాండల్ మన్రో పుల్లల్లాంటి మనుషుల్ని గీసి, బొమ్మ మీద మౌస్ ఆపినవాళ్ళకే కనిపించేలా ఇంకో వాక్యం పెడతాడు.

1993లో ‘ది సింప్సన్స్’ ఎపిసోడ్ ఒకదానిలో అపు అనే భారతీయ దుకాణదారు పై (π) విలువను 40,000 దశాంశ స్థానాల దాకా చెప్పగలనని, చివరి అంకె 1 అని అంటాడు. అది నిజంగానే 1. అప్పట్లో నాసాలో ఉన్న డేవిడ్ బెయిలీని రచయితలు అడిగితే ఆయన ఆ 40,000 అంకెలూ అచ్చుతీసి పంపాడు. ఒక్క అంకె కోసం!

మొదటి లెక్కలో సరి-బేసి తేడా ఇట్టే దొరికిపోతోందని కోహెన్ మళ్ళీ వెతికాడు. 1998 సెప్టెంబరులో హోమర్ నల్లబల్ల మీద రాసింది 3987¹² + 4365¹² = 4472¹². బేసి, బేసి కలిస్తే సరి. ఒకట్ల స్థానంలో రెండు వైపులా 6. క్యాలిక్యులేటర్ దీన్నీ ఒప్పుకుంటుంది. పిల్లలు దీని దగ్గర చాలాసేపు ఆగుతారు. అంకెలు కూడి చూడమంటాను. 3987 అంకెల మొత్తం 27, 4365కి 18. రెండూ 3తో నిశ్శేషంగా పోతాయి. 4472 మొత్తం 17, పోదు. నాకు తెలిసిన కార్టూన్ లెక్కల్లో ఇంత అందమైనది లేదు.

ఈ కొద్దిలో తప్పే లెక్కల ఆట మనవాడు రామానుజన్ ముందే ఆడాడు. డిసెంబరు 22న గణిత దినోత్సవానికి మా పిల్లలు చార్టు మీద రాసే 1729 అలాంటిదే: 9, 10ల ఘనాలు కూడితే 12 ఘనానికి ఒకటి ఎక్కువ. 135, 138ల ఘనాలు కూడితే 172 ఘనానికి ఒకటి తక్కువ. కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీ గ్రంథాలయంలో ఉన్న ఆయన కాగితాల్లో ఇలాంటివి ఎన్నైనా పుట్టించే పద్ధతే ఉంది. 1999లో మొదలైన ‘ఫ్యూచరామా’లో అంతరిక్ష నౌక నింబస్‌కి, రోబో బెండర్‌కి అందిన పండుగ కార్డుకి ఆ 1729 అంటించారు. ఆ సిరీస్‌లో కోహెన్, కీలర్ ఇద్దరూ ఉన్నారు.

2010లో అదే సిరీస్‌లో కీలర్ ఇంకా ముందుకెళ్ళాడు. ఒక యంత్రం ఇద్దరి మనసుల్ని తారుమారు చేస్తుంది, కానీ అదే జంట మీద రెండోసారి పనిచేయదు. మరి అందరూ ఎవరి ఒంట్లోకి వాళ్ళు చేరేదెలా? ఎంతమంది ఎలా కలగాపులగమైనా, కొత్తవాళ్ళు ఇద్దరుంటే చాలని కీలర్ కథ కోసం సిద్ధాంతమే నిరూపించాడు. ఆ రుజువు తెర మీద బోర్డు నిండా కనిపిస్తుంది. నేను దాన్ని నలుగురు పిల్లల్ని నిలబెట్టి చేయిస్తాను. రాము, సోము మారిపోయారు. లత, గీత సాయానికి వచ్చారు. మనసులకి గుర్తుగా పేర్ల చీటీలు చేతులు మారతాయి. ముందు రాము లతతో, సోము గీతతో. తర్వాత రాము గీతతో మారితే రాము చీటీ రాముకొచ్చింది. సోము లతతో మారితే సోముది సోముకి. మిగిలిన లత, గీత ఒకరితో ఒకరు. అయిదు మార్పిళ్ళు, ఏ జంటా రెండోసారి రాలేదు.