సముద్రపు అడుగును విన్న యాభై ఏళ్ళు

మన పూర్వ విద్యార్థుల సంఘం పుట్టిన 1974లోనే దేశపు చమురు చరిత్ర పెద్ద మలుపు తిరిగింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో ముంబయికి పడమరగా సుమారు 160 కిలోమీటర్ల దూరాన, ‘సాగర్ సమ్రాట్’ రిగ్గు తవ్విన బావిలో చమురు పడింది. అదే బాంబే హై. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కార్యవర్గ మిత్రులు అడిగారు. నా ఉద్యోగ జీవితమంతా సముద్ర సర్వేల లెక్కలతోనే గడిచింది. సంఘం వయసూ ఆ చరిత్ర వయసూ ఇలా కలిశాయి గనుక దాని గురించే రాస్తున్నాను.

నేల మీద రాయి కనిపిస్తే సుత్తితో కొట్టి చూడవచ్చు. సముద్రంలో ఆ వీలు లేదు. వెలుతురు కొన్ని వందల మీటర్లు దాటి పోదు. పూర్వం ఓడల వాళ్ళు తాడుకు సీసపు గుండు కట్టి వదిలి, లోతును బారల్లో కొలిచేవారు. తర్వాత ఆ గుండు పని శబ్దం చేయసాగింది. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. పంపిన శబ్దం తిరిగి రావడానికి 2 సెకన్లు పడితే పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, అంటే లోతు 1500 మీటర్లు. ఇది మన బడిలో చేసిన కాలం-దూరం లెక్కే.

ఈ లెక్కతోనే మన తీరానికి ఎదురుగా ఉన్న సముద్రపు లోయలు బయటపడ్డాయి. అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడి విద్యార్థులతో కలిసి బంగాళాఖాతాన్ని అధ్యయనం చేశారు. 1963లో అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్రలో భాగంగా ‘ఆంటన్ బ్రూన్’ నౌక మీద మళ్ళీ వచ్చారు. ఖండపు వాలు మీద కనిపించిన లోయలకు ఆంధ్ర, కృష్ణ, మహదేవన్ అని పేర్లు పెట్టారు. సి. మహదేవన్ ఆ విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర ఆచార్యులు. ఒక పంతులుగారి పేరు సముద్రం అడుగున నిలిచిందన్న సంగతి బడి సంచికలో చెప్పుకోదగ్గదే.

అడుగు కనిపిస్తే సరిపోదు. చమురు, గ్యాస్ ఉండేది అడుగుకు ఇంకా కిందున్న రాతి పొరల్లో. అందుకు సైస్మిక్ సర్వే కావాలి. నౌక వెనక ఎయిర్ గన్ అదిమిపెట్టిన గాలిని ఒక్కసారిగా వదులుతుంది. ఆ చప్పుడు పొరపొరకూ తగిలి వెనక్కి వస్తుంది. నౌక లాగే కిలోమీటర్ల పొడవు కేబుల్‌లోని హైడ్రోఫోన్లు దాన్ని పట్టుకుంటాయి. బాంబే హై కథ అలాగే మొదలైంది. 1960ల మధ్యలో సోవియట్ నౌక ‘అకడమిక్ అర్ఖంగెల్‌స్కీ’ మీద రష్యన్, భారతీయ బృందం ఖంభాత్ సింధుశాఖ ప్రాంతాన్ని సర్వే చేస్తూ సముద్రగర్భంలో ఒక పెద్ద మిట్టను గుర్తించింది. అందులో చమురుందని తేలడానికి మాత్రం 1974 దాకా ఆగాల్సి వచ్చింది. చప్పుడు చెప్పింది మిట్ట ఉందని మాత్రమే. చమురుందని చెప్పింది బావి.

తర్వాత ఆకాశం నుంచి చూడటం మొదలైంది. 1978లో అమెరికా పంపిన ‘సీశాట్’ రాడార్‌తో సముద్ర మట్టాన్ని కొలిచింది. అడుగున 2000 మీటర్ల కొండ ఉంటే దాని ఆకర్షణకు పైన నీరు సుమారు 2 మీటర్లు ఉబుకుతుంది. ఆ ఉబ్బు పదుల కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంటుంది కనుక ఓడలో పోయేవాడికి తెలియదు, ఉపగ్రహానికి తెలుస్తుంది. ఇలాంటి కొలతలతో గురుత్వ పటాలు గీస్తారు. మందపాటి అవక్షేపాలు ఎక్కడ పేరుకున్నాయో వాటిని బట్టి అంచనా వేసి, సర్వే నౌకను అక్కడికి పంపుతారు. ఆ కోవకు చెందిన భారత్-ఫ్రాన్స్ ఉపగ్రహం ‘సరళ్’ 2013 ఫిబ్రవరిలో మన శ్రీహరికోట నుంచే ఎగిరింది. సముద్రం మీద సహజంగా ఊరే నూనె తెట్టు అలలను అణచి నునుపు చేస్తుంది. రాడార్ చిత్రంలో అది నల్లటి మచ్చగా కనిపిస్తుంది. అదీ ఒక ఆనవాలే.

ఆనవాలు వేరు, రుజువు వేరు. ఈ తేడా మరిచిపోతే ఏమవుతుందో కృష్ణా-గోదావరి బేసిన్ మనకు చూపించింది. 2002లో కేజీ-డి6 బ్లాకులో భారీ గ్యాస్ నిక్షేపం కనుగొన్నారు. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు తీయాలన్నది ప్రణాళిక. 2010లో శిఖరానికి చేరిన ఉత్పత్తి ఆ అంకెను అందుకోకుండానే వేగంగా పడిపోయింది. నేల స్వభావం అనుకున్నట్టు లేదని కంపెనీ, తవ్వాల్సినన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం వాదించుకున్నాయి. తీర్పు చెప్పడం నా పని కాదు. కానీ ఆ గ్యాస్‌ను నమ్ముకుని మన రాష్ట్రంలో కట్టిన విద్యుత్ కేంద్రాలు ఇంధనం లేక ఏళ్ళ తరబడి ఖాళీగా నిలిచాయి. తెర మీద గ్యాస్ పొర మెరుస్తుంది, నిజమే. అయితే ఇసుకలో గ్యాస్ కొద్దిగా ఉన్నా, నిండుగా ఉన్నా ఆ మెరుపు ఇంచుమించు ఒకేలా ఉంటుంది. మా రంగంలో కొత్తగా చేరినవాళ్ళకు మొదట చెప్పే పాఠం ఇదే.

గ్యాస్ హైడ్రేట్ల సంగతీ అంతే. మంచులా గడ్డకట్టిన మీథేన్ ఇది. దాని కింది అంచు సైస్మిక్ చిత్రంలో సముద్రపు అడుగుకు సమాంతరంగా ఒక గీతలా కనిపిస్తుంది. 2006లో ‘జాయిడెస్ రిజల్యూషన్’ నౌక మన బేసిన్‌లో ఒకచోట తవ్వితే హైడ్రేట్ ఉన్న పొర సుమారు 130 మీటర్ల మందాన తగిలింది. ప్రపంచం ఆశ్చర్యపోయింది. అలాంటి గీత కనిపించిన ప్రతిచోటా అంత సంపద ఉండదు. ఉన్నచోట కూడా వాణిజ్యపరంగా బయటికి తీసే దారి మన దేశానికి ఇంకా దొరకలేదు.

2024 జనవరిలో, మన సంఘానికి యాభై నిండిన ఏడాదిలోనే, కేజీ బేసిన్ లోతు సముద్రంలోని కేజీ-98/2 బ్లాకు నుంచి ఓఎన్‌జీసీ మొదటి చమురు తీసింది. సంతోషించాల్సిన వార్తే. ఈ బడిలో ఇప్పుడు చదువుతున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక మాట. రేపు మీలో కొందరు ఈ రంగంలోకి వస్తారు, తక్కినవాళ్ళు పేపర్లో ‘అపార నిక్షేపాలు’ అన్న వార్తలు చదువుతారు. ఎవరైనా సరే, అందులో విన్నదెంత, తవ్వి చూసిందెంత అని ముందు అడగండి. తీరం వెంబడి బతికే మన ఊళ్ళ ఆశలు, అప్పులు, ఉద్యోగాలు ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటాయి.