చీరాల బిడ్డల పైచదువులు: మెట్రిక్యులేషను మొదలు డిప్లొమా వఱకు



ఏటేట పదవ తరగతి ఫలితములు వెలువడగానే మన చీరాల, పేరాల నేతగృహములందు ఒకే విచారము పొడసూపుచున్నది. బిడ్డను ఇంటర్మీడియటులో చేర్పింతుమా, డిప్లొమాకు పంపుదుమా, ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పెట్టుదుమా? ఈ విచారమునకు నూఱేండ్లకు పైబడిన చరిత్ర కలదు. దానిని తెలిసికొనక చదువుల తారతమ్యము నిర్ణయించుట పడుగు చూడక చీరకు వెల కట్టుట వంటిది.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయము స్థాపితమైన పిమ్మట మెట్రిక్యులేషను పరీక్షయే పైచదువునకు గడప అయ్యెను. దానిని దాటినవానికి రెండేండ్ల ఎఫ్.ఏ. తరగతి. అందులకై మన ప్రాంతపు బాలుడు బందరు నోబులు కళాశాలకో, 1885లో నెలకొన్న గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలకో పోవలసియుండెను. కండెలు చుట్టు చేయి ఇల్లు విడిచిన మగ్గము కుంటుపడును. పొరుగూర పూటకూలి ఖర్చు వేరు. ఇంత చేసియు పరీక్ష తప్పినచో వానిచేత మిగులునది యేమియు లేదు.

1911 నుండి వచ్చిన ఎస్.ఎస్.ఎల్.సి. పద్ధతి యీ లోపమును కొంత తీర్చెను. అది ఒక కాగితము గాదు, పుస్తకము. విద్యార్థి పాఠశాలయందు సంపాదించిన మార్కులును, తుదిపరీక్ష మార్కులును అందు వ్రాయబడుచుండెను. కళాశాలలో చేరుటకు అర్హుడా కాడా యన్నదే ముఖ్యవిచారము. అర్హత దొరకనివాడును ఆ పుస్తకమును చూపి గుమాస్తా పనినైన అడుగగలిగెను. బుక్ కీపింగు, టైపురైటింగు వంటి విషయములను ఎంచుకొనుటకును వీలు కలిగెను. ఆంగ్లపాలకుల యేర్పాటులలో మేము మెచ్చుకొనదగిన కొద్దివానిలో నిది యొకటి.

అదే కాలమున వేరొక మార్గమును తెరువబడెను. 1910లో కోపల్లె హనుమంతరావుగారు మున్నగువారు బందరునందు స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాల పుస్తకవిద్యతోపాటు చేతిపనులకును గౌరవమిచ్చెను. బాపట్ల తాలూకా కచేరీలో చిన్న యుద్యోగము చేసి, 1911లో ఎడింబరోకు పోయి ఎం.ఏ. పట్టమందిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు అచ్చట కొంతకాలము బోధించి, తరువాత మన యూరనే ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠిని నెలకొల్పిరి. 1921లో పురపాలక పన్నులకు లొంగక జనులు ఇండ్లు విడిచి రామనగరు పాకలలో పదునొకండు నెలలు కాపురముండిన కథ మీకు మేము చెప్పనక్కఱలేదు. జాతీయవిద్య ఆశయము గొప్పది. కాని దాని పట్టమునకు సర్కారు కొలువులలో విలువ లేకపోవుటచే బీదయింటివారు అటు చూడ వెనుదీసిరి. వారిని తప్పుపట్టుటకు మాకు నోరాడదు.

స్వాతంత్ర్యానంతరము ఒక యేటి ప్రీ యూనివర్సిటీ వచ్చి పోయెను. 1969లో రెండేండ్ల ఇంటర్మీడియటు మరల ప్రవేశించెను, 1971లో దానికొక బోర్డు ఏర్పడెను.

నేటి సంగతి. ఇంటర్మీడియటు ద్వారమే కాని గృహము గాదు. దాని తరువాత మరియొక చదువు లేనిదే జీవనము దొరకుట కష్టము. 2008లో స్థాపితమైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము పదవ తరగతి మార్కులపై చేర్చుకొని, రెండేండ్ల పి.యు.సి., నాలుగేండ్ల బి.టెక్. కలిపి ఆఱేండ్లు చెప్పును. సీటు దొరకినవారికి అది భాగ్యమే. పాలిటెక్నికు డిప్లొమా మూడేండ్లది. దానిని తక్కువ చదువని మనవారు చులకన చేయుట మాకు వింతగా నున్నది. డిప్లొమా ముగించినవాడు వెంటనే పనిలో చేరవచ్చును. లేదా ఈసెట్ వ్రాసి బి.టెక్. రెండవ యేటనే ప్రవేశింపవచ్చును.

మనకు మఱింత దగ్గఱది వేంకటగిరి చేనేత సాంకేతిక సంస్థ. నిడుబ్రోలున పుట్టి, చీరాలనుండి శాసనసభకు ఎన్నికై, చేనేతవారి పక్షమున పాటుపడిన ప్రగడ కోటయ్యగారి పేర నున్న యీ సంస్థ 1992లో వెలసినది. పదవ తరగతి పూర్తిచేసినవారికి అచ్చట మూడేండ్ల డిప్లొమా కలదు. తేలియా రుమాళ్లకు లెక్కతప్పక చిటికీలు కట్టిన తాతల నేర్పు అచ్చట పాఠ్యవిషయమగుచున్నది.

మన దాతల విద్యార్థివేతనములు ఇంతదనుక ఇంటర్మీడియటు మార్కులనే చూచి ఈయబడుచున్నవి. ఈ మహాసభయందు పట్టిక సిద్ధపఱచునప్పుడు డిప్లొమా విద్యార్థులకును ఒక వరుస చేర్పవలెనని మా ప్రార్థన. వేంకటగిరికి పోవు బిడ్డకు చీరాల స్టేషనునుండి రైలు ఖర్చును, మొదటి యేటి వసతియు లభించిన చాలును.