ఇంట్లో ఉన్నదానితో వంట: నేటాల్ తెలుగువారి వంటింటి చరిత్ర

మన గుడుల చరిత్ర, బడుల చరిత్ర, సభల చరిత్ర ఇటువంటి సంచికలలో పెద్దలు చాలామంది వ్రాశారు. మేము ఈసారి వంటింటి చరిత్ర కొంచెం వ్రాయదలచాము. తెలుగు అక్షరాలను జుట్టు నెరిసిన తరువాత సాయంకాలపు తరగతిలో నేర్చుకొన్నవారము. భాషలో తప్పులుంటే పాఠకులు మన్నింతురు గాక.

ఈ వ్యాసానికి కారణం ఒక రాత్రి భోజనం. 2022 ఏప్రిల్‌లో డర్బన్ పరిసరాలలో వచ్చిన వరదలు అందరికీ గుర్తున్నవే. నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. రోడ్లు తెగిపోయినవి. మా ఇంట్లో బియ్యం డబ్బా అడుగంటింది. దుకాణానికి పోయే దారి లేదు. అప్పుడు మా మనుమరాలు ఉన్న గోధుమపిండిలో గుడ్లు, ఉప్పు వేసి గట్టిగా పిసికి, తడిగుడ్డ కప్పి అరగంట ఉంచింది. తరువాత పలుచగా వత్తి, పొడిపిండి చల్లి, చాప చుట్టినట్లు చుట్టి, కత్తితో సన్నగా కోసింది. దాచుకొన్న నీళ్ళు కొన్ని మరిగించి, ఉప్పు వేసి, మూడు నాలుగు నిమిషాలు ఉడికించింది. మూకుడులో నూనె పోసి వెల్లుల్లి, ఎండుమిరపకాయ, ఉల్లిపాయ, డబ్బా టమాటాలు మగ్గించింది. పిండి ఉడికిన నీళ్ళు పారబోయకుండా ఒక గరిటెడు అందులో పోసి, అన్నీ కలిపి దించింది.

"తాతయ్యా, ఇది పాస్తా. ఇటలీవాళ్ళ వంట" అన్నది.

మా అక్కయ్య ఒక ముద్ద తిని, "పాస్తా ఏమిటే, ఇవి తాలికలే కదా!" అన్నది.

మేము నవ్వాము గాని, ఆ మాట మమ్ములను విడిచిపెట్టలేదు. తాలికలు అంటే బియ్యపుపిండి ఉడికించి, ముద్ద చేసి, అరచేతుల మధ్య సన్నని తాళ్ళ వలె చేసేవి. పాలలో బెల్లంతో వండితే పాలతాలికలు. వినాయక చవితికి మా నాయనమ్మ తప్పక చేసేది. బియ్యం దొరకని సంవత్సరాలలో మా అమ్మ వాటిని గోధుమపిండితోనే చేసిందట. బియ్యం ఎందుకు దొరకలేదు? ఆ సంగతి చెప్పాలంటే మొదటినుంచి రావాలి.

1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి డర్బన్ రేవుకు వచ్చింది. అది మొదలు 1911 వరకు 1,52,184 మంది ఒప్పంద కూలీలుగా నేటాల్‌కు వచ్చారు. వారిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుండి వచ్చినవారే. వారిలో అరవవారూ ఉన్నారు, తెలుగువారూ ఉన్నారు. మా తాత, నాయనమ్మ విశాఖపట్నం జిల్లా నుండి వచ్చారు. మొదటి సంవత్సరం మగవారికి నెలకు 10 షిల్లింగుల జీతం, ఏడాదికొక షిల్లింగు పెంపు. జీతంతోపాటు కొలత ప్రకారం బత్తెం ఇచ్చేవారు: బియ్యం, పప్పు, ఎండుచేప, నూనె లేక నెయ్యి, ఉప్పు. ఆడవారికి సగం జీతం, సగం బత్తెం. పొయ్యి ముందు కూర్చొని ఇంటిల్లిపాదికీ వండవలసినది మాత్రం వారే.

బియ్యానికి బదులు మొక్కజొన్న పిండి కొలిచి ఇచ్చిన రోజులు చాలా ఉండేవి. దానిని చూచి చాలామంది బాధపడ్డారు. మా నాయనమ్మ మాత్రం వేరే మాట చెప్పేది. "మా ఊళ్ళో మాకు రోజూ వరి అన్నం ఎక్కడిదిరా? చోడి అంబలి త్రాగి పనికి పోయేవాళ్ళం. పండుగకే వరి అన్నం" అనేది. కాబట్టి ఆమెకు మొక్కజొన్న పిండి కొత్తది గాని, అంబలి కొత్తది కాదు. చోళ్ళ పిండిని కాచినట్లే దీన్నీ కాచింది. మొక్కజొన్న నూకను బియ్యం వలె వండి పులుసు పోసుకొన్నారు. జూలూవారి పుల్లని పాలు, అమాసి, వీరికి మజ్జిగయింది. వారి అమాదుంబే మన చామదుంపే. చెరకు గట్ల మీద కలుపుగా మొలిచిన తోటకూరను కోసి తెచ్చి పప్పులో వేశారు. చింతపండు లేనినాడు పుల్లమామిడి వేశారు. ఒప్పందం తీరినవారు కూరగాయల తోటలు వేసి వంకాయ, బెండకాయ, కరివేపాకు పెంచారు.

రెండవ ప్రపంచ యుద్ధంలో మళ్ళీ కష్టం వచ్చింది. 1942లో బర్మా జపానువారి చేతికి పోయింది. రంగూను బియ్యం ఆగిపోయింది. యుద్ధం ముగిసినా సుఖం లేదు. ఇక్కడి భారతీయుల మీద తెచ్చిన అన్యాయపు చట్టాలకు నిరసనగా 1946లో భారతదేశం దక్షిణాఫ్రికాతో వర్తకం నిలిపివేసింది. అది మన గౌరవం కోసం చేసిన పని. అయినా వంటింట్లో బియ్యం లేదు. మా అమ్మ గోధుమ తాలికలు చేసినది ఆ రోజులలోనే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. ఉత్సవ భోజనాల మాట వచ్చినప్పుడల్లా మనవారిలో కొందరు, "స్వచ్ఛమైన ఆంధ్ర వంటలే ఉండాలి, మొక్కజొన్న నూక, డబ్బా చేప పులుసు పెడితే పరువు పోతుంది" అంటారు. మేము వారిని తప్పుపట్టము. చిన్నప్పుడు బడిలో మేము కూడా భోజనపు డబ్బా మూత సగమే తెరచి తినేవాళ్ళము. కాని ఆలోచించండి. ఆంధ్రుల వంటకు పేరు తెచ్చిన మిరపకాయ పోర్చుగీసువారి రాక తరువాత ఇండియాకు వచ్చినది. దాని పుట్టిల్లు అమెరికా ఖండం. టమాటాదీ, మొక్కజొన్నదీ అదే పుట్టిల్లు. ఆ టమాటా లేనిదే ఇటలీవారి వంట కూడా నేడు ఊహించలేము. ఏ దేశపు ఇల్లాలైనా చేతికి అందినదానితోనే వండింది. పిల్లలు తిని బ్రతికారు గనుక అది సంప్రదాయమయింది.

ఇంకొక సంగతి. మా తరంలో చాలామందికి మిగిలిన తెలుగు వంటింటి తెలుగే. వాక్యం కట్టలేనివారికి కూడా పప్పు, పులుసు, తాలింపు, గరిటె, రోలు, ముద్ద అనే మాటలు వచ్చు. పుస్తకాలు చేరని ఇళ్ళలో ఈ మాటలను నిలిపినది మన నాయనమ్మలు, అమ్మమ్మలు. సాయంకాలపు తరగతిలో "తాలికలు" అనే మాట వ్రాయవలసి వచ్చినప్పుడు మాకు అక్షరాలు తడబడినవి గాని, అర్థం తడబడలేదు.

కాబట్టి మా మనవి చిన్నది. ప్రతి కుటుంబం తమ ఇంటి పెద్దామెను అడిగి, బియ్యం లేనినాడు ఏమి వండారో ఒక కాగితం మీద వ్రాసి ఉంచండి. ఏ లిపిలో వ్రాసినా సరే, వంట పేరు మాత్రం ఆమె చెప్పినట్లే వ్రాయండి. మా అక్కయ్యకు ఎనభై దగ్గరపడుతున్నవి. ఆమె ఆ రాత్రి ఆ ఒక్క మాట అనకపోతే మా మనుమరాలికి అది పాస్తాగానే మిగిలిపోయేది. ఇప్పుడు ఆ పిల్ల వంటల పుస్తకంలో దాని ప్రక్కన తెలుగులో "తాలికలు" అని వ్రాసుకొన్నది. "ళ" బదులు "ల" వ్రాయాలని మేమే దిద్దాము.

వచ్చే ఉత్సవంలో పులిహోర గిన్నె ప్రక్కన మొక్కజొన్న నూక గిన్నె కూడా ఒకటి ఉంటుందని ఆశిస్తున్నాము. ఎవరూ వండకపోతే మేమే వండి తెస్తాము.