1985: రెండో తీర్పు

1985 అనగానే ముస్లిం స్త్రీ గురించి మాట్లాడేవాళ్లందరికీ షాబానో గుర్తొస్తుంది. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆమెకు మనోవర్తి ఇవ్వాల్సిందేనంది. నెలకు 179 రూపాయల 20 పైసలు. ఆ డబ్బు మీద దేశం రెండుగా చీలి కొట్లాడింది. షరియత్‌ను కాపాడతామని ఒకరు, ముస్లిం స్త్రీని కాపాడతామని ఇంకొకరు. 1986లో పార్లమెంటు ఏకంగా చట్టమే చేసింది.

అదే 1985 సెప్టెంబరులో అదే కోర్టు ఇంకో తీర్పు చెప్పింది. పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసు. ఇంట్లో కూచుని బీడీలు చుట్టే మనిషి కూడా కంపెనీ కార్మికురాలేనని, ఆమెకూ ప్రావిడెంట్ ఫండ్ కట్టాలని. మన వ్యాసాల్లో ఈ కేసు పేరు ఎందరు రాశారు?

నిజామాబాద్, కరీంనగర్ వైపు బీడీలు చుట్టేవాళ్లలో పద్మశాలీలున్నారు, దళితులున్నారు, మన పర్దానషీన్లూ ఉన్నారు. మన ఇళ్లకు ఈ పని అచ్చొచ్చిందంటారు. గడప దాటనక్కర్లేదు. తునికాకు, తంబాకు తెచ్చుకుని, చేట ఒళ్లో పెట్టుకుని, ఆకు కత్తిరించి, చుట్టి, దారం కట్టి లెక్క అప్పజెప్పాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన. అసలు ఆ పర్దా ఎవరికి అచ్చొచ్చిందో కూడా చూడాలి. సేటుకు షెడ్డు ఖర్చు లేదు, హాజరు పట్టీ లేదు. ఆమె టేకేదారు మనిషి అంటాడు సేటు. నాదేముంది, అంతా సేటుదే అంటాడు టేకేదారు. జనాభా లెక్కలవాళ్లొస్తే 'ఏం చెయ్యదు, ఇంట్లోనే ఉంటది' అని ఇంటి మగవాళ్లే రాయిస్తారు!

1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఈ దొంగాటను కనిపెట్టింది. సరుకు తీసుకుని ఇంట్లో చుట్టేవాళ్లనూ ఉద్యోగులుగా లెక్కించింది. ప్రసూతి సౌకర్యం వాళ్లకూ ఉందంది. యజమానులు కోర్టుకెళ్లారు. 1974లో మంగళూరు గణేశ్ బీడీ కేసులో చట్టం నిలిచింది. 1976లో బీడీల మీద సెస్సు, దాంతో వైద్యానికి, పిల్లల చదువులకు, ఇళ్లకు సంక్షేమ నిధి వచ్చాయి. 1977లో పీఎఫ్ వచ్చింది. ఇంటి పనివాళ్ల దగ్గర మళ్లీ పేచీ. వాళ్ల మీద మా అజమాయిషీ లేదు కదా అని యజమానుల వాదన. చుట్టి తెచ్చిన బీడీల్లో బాగోలేనివి తీసిపారేసే హక్కు మీదే కదా, అజమాయిషీ అంటే అదేనంది కోర్టు.

తీసిపారేసిన బీడీకి కూలి రాదు. ఆమెను నిత్యం ఏడిపించే ఆ పనే ఆమె కార్మికురాలనడానికి రుజువైంది.

ఆ తీర్పులో మతం మాట లేదు. షరియత్‌కు ముప్పు లేదు గనక ఉలేమాలకు పట్టలేదు. తలాఖ్ లేదు గనక సెక్యులర్ మేధావులకూ పట్టలేదు. 2017లోనూ ఇదే వరస. జులైలో జీఎస్టీతో పాటు బీడీ సెస్సు రద్దయింది. ఆగస్టులో ట్రిపుల్ తలాఖ్ తీర్పొచ్చింది. ముస్లిం స్త్రీ పేరుతో చర్చలు దేని మీద జరిగాయో చెప్పనక్కర్లేదు. 1966 చట్టం కూడా 2020లో చేసిన లేబర్ కోడ్‌లో కలిసిపోయింది. ఆ కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకొచ్చింది.

తెలంగాణ వచ్చాక ప్రభుత్వం బీడీ కార్మికులకు జీవన భృతి పెట్టింది. మొదట వెయ్యి, 2019లో 2016 రూపాయలు. మంచిదే. కానీ 2014 ఫిబ్రవరి 28లోపు పీఎఫ్‌లో చేరినవాళ్లకే అన్నారు. ఒక్క కార్డు మీద ఇద్దరు ముగ్గురు చుట్టిన ఇళ్లలో తల్లికి పైసలొచ్చాయి. అదే చేట దగ్గర కూచుని చుట్టిన కూతురు, కోడలు ఏ పుస్తకంలోనూ లేరు.