రాయి లేని సీమలో సాలగ్రామాలు

కోనసీమలో ఎక్కడ తవ్వినా మట్టే. గౌతమీ వసిష్ఠల మధ్య గోదావరి వేల ఏళ్లుగా తెచ్చిపోసిన ఒండ్రు అది. బావి తవ్వినా, కొబ్బరిమొక్కకు గొయ్యి తీసినా పారకు రాయి తగలదు. రుబ్బురోలైనా, సన్నికల్లైనా, గుడి మెట్టుకు పరిచే బండైనా మెట్ట నుంచి పడవ మీదో బండి మీదో రావలసిందే. అలాంటి సీమలో, అమలాపురం, రాజోలు, కొత్తపేట తాలూకాల అగ్రహారాల్లో, దేవతార్చన మందసం తెరిస్తే సుమారు 15 కోట్ల ఏళ్లనాటి సముద్రప్రాణి ఒకటి చందనం బొట్టుతో, తులసిదళంతో కొలువై ఉండేది. దాన్ని శిలాజమని ఎవరూ అనలేదు. సాలగ్రామం అన్నారు.

స్మార్తుల ఇళ్లలో పంచాయతన పూజ ఉంటుంది. ఐదుగురు దేవతలకు ఐదు రాళ్లు, ఐదూ వేర్వేరు చోట్ల నుంచి వచ్చినవి. శివుడికి నర్మద బాణలింగం, అమ్మవారికి మన స్వర్ణముఖి రాయి, వినాయకుడికి శోణానది ఎర్రరాయి, సూర్యుడికి తంజావూరు దగ్గరి వల్లం స్ఫటికం, విష్ణువుకు గండకి సాలగ్రామం. చిన్న రాగిపళ్లెంలో సగం దేశపు భూగర్భశాస్త్రం ఇమిడిపోతుంది. వీటికి ప్రాణప్రతిష్ఠ అక్కర్లేదు. సాలగ్రామంలోనైతే దేవుడు స్వయంగా ఉన్నాడని నమ్మకం. పగిలినా, బీటవారినా పూజకు పనికొస్తుంది.

సాలగ్రామాలు పుట్టిన చోటు నేపాల్‌లో ముక్తినాథ్ పరిసరాలు, కాళీగండకి లోయ. హిమాలయాలు లేవకముందు అక్కడ టెథిస్ సముద్రం ఉండేది. అడుగున పేరుకున్న నల్లబురదలో అమ్మోనైట్లు చచ్చి కూరుకుపోయాయి. నేటి స్క్విడ్, నాటిలస్‌లకు చుట్టాలైన ఆ జీవులు గదులు గదులుగా కట్టుకున్న సుడి గుల్లల్లో బతికేవి. గుల్ల చుట్టూ బురద గట్టిపడి నల్లటి గుండు అయింది. కొన్నిటిలో గుల్ల కరిగిపోయి దాని అచ్చు మాత్రమే మిగిలింది. కొండలు లేచాక ఏరు ఆ గుండ్లను కొండచరియల నుంచి ఊడబెరికి, దొర్లించి, నునుపు చేసింది. పూజారి ‘వదనం’ అని చూపించే రంధ్రం, లోపల కనిపించే ‘చక్రం’, ఈ ప్రాణి వదిలివెళ్లిన ముద్రలే. పురాణం మరోలా చెబుతుంది: విష్ణువు బృంద శాపం వల్ల శిల అయ్యాడు, వజ్రకీటాలు ఆ శిలను తొలిచి చక్రాలు చెక్కాయి. పురుగే చెక్కిందన్న ఊహను వట్టి కట్టుకథ అని తోసెయ్యడానికి నాకు మనసొప్పదు. ఆ సుడి ఒక ప్రాణి పనే అని కనీసం వాళ్లు పసిగట్టారు.

ఐరోపావాళ్లకు సంగతి తెలియడానికి ఎక్కువకాలం పట్టలేదు. ఫ్రెంచి యాత్రికుడు పియెర్ సొన్నెరా 1782లో అచ్చయిన తన పుస్తకంలోనే సాలగ్రామం రాయిగా మారిన గుల్ల అని రాశాడు. గండకి రాళ్లలో తరచుగా కనిపించే ఒక జాతి పేరు బ్లాన్‌ఫర్డిసెరాస్ వాలిచీ. మొదటి సగం భూగర్భ శాస్త్రజ్ఞుడు బ్లాన్‌ఫర్డ్‌ది, రెండోది కలకత్తా బొటానికల్ గార్డెన్‌ను నడిపిన డాక్టర్ వాలిక్‌ది. మందసంలో లక్ష్మీనారాయణుడు, మ్యూజియం బీరువాలో వాలిక్ దొర.

వర్గీకరణ విషయంలో అగ్రహారం వెనకబడిందేమీ లేదు. అగ్ని, పద్మ పురాణాల్లో సాలగ్రామ లక్షణాలు విడదీసి చెప్పారు. చక్రాలు ఎన్ని, వదనం ఎంత వెడల్పు, రంగేమిటి, గీతలు ఎటు తిరిగాయి అన్నది చూసి ఇది వాసుదేవ, ఇది దామోదర, ఇది నరసింహ, ఇది సుదర్శన అని పేరు పెడతారు. పైరైట్ మెరుపు బంగారంలా కనిపిస్తే దానికో ప్రత్యేక గౌరవం. నరసింహం ఉగ్రమని, సంసారులు ఇంట్లో ఉంచుకోకూడదని కొందరి పట్టింపు. సంఖ్యకూ నియమం ఉంది: ఒక్కటి ఉండవచ్చు, లేదంటే సరిసంఖ్యలో ఉండాలి, అందులోనూ రెండు మాత్రం కూడదు. సేకర్తకు ఇంతకన్నా విచిత్రమైన హద్దు ఏ దేశంలోనూ ఉండదేమో. ఇంగ్లండులో విట్బీ జనం ఇవే అమ్మోనైట్లకు పాము తలలు చెక్కి, సెయింట్ హిల్డా రాయిగా మార్చిన పాములని అమ్ముకునేవారు.

ఇక్కడ మాత్రం అమ్మకం పాపం. సాలగ్రామానికి వెల కట్టకూడదు. దానం చెయ్యాలి, పుచ్చుకోవాలి. అందుకే ఇవి కోనసీమకు సరుకుగా కాక ప్రయాణాల వెంట వచ్చాయి. కాశీ, గయ వెళ్లి గంగనీళ్లు తెచ్చినవాళ్లు, ఉత్తరాది నుంచి దిగివచ్చిన బైరాగులు, గురువు శిష్యుడికి, తండ్రి కొడుక్కి ఇచ్చుకున్నవి. మ్యూజియంవాడు రాయి ఏ చరియలో, ఏ పొరలో దొరికిందో చీటీ మీద రాసుకుంటాడు. అగ్రహారంలో అది తాతగారికి ఎవరిచ్చారో గుర్తుంటుంది, ఎక్కడ దొరికిందో గుర్తుండదు. ఎవరు తాకవచ్చన్నదీ ఆచారం గట్టిగానే నిర్ణయించింది. ఏటా గోధుమరంగు వరదనీళ్లలో పొలం చేసిన కూలీకీ, నైవేద్యం వండి ఇచ్చే ఇంటి ఆడవాళ్లకూ ఆ రాయిని తాకే హక్కు ఉండేది కాదు. ఈ సేకరణ చరిత్రలో ఆ కంచెనూ లెక్కలోకి తీసుకోవాలి.

కొత్తపేటకు దగ్గర్లోని ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ముందు విష్ణువు, వెనక మోహిని. అది సాలగ్రామ శిల అని చెబుతారు. నిలువెత్తు విగ్రహం చెక్కడానికి గుప్పిట్లో పట్టే గండకి గుండు చాలదు. నల్లగా, నున్నగా ఉన్న రాతికి భక్తి ఇచ్చిన బిరుదు అనుకోవచ్చు.

తెలుగునేల మీద అమ్మోనైట్లు లేకనా ఇంత దూరం నుంచి తెచ్చుకోవడం? ఉన్నాయి. ఏలూరు జిల్లా మెట్టలోని రాఘవాపురం షేల్ పొరల్లో, ఒంగోలు వైపు బూదవాడ రాళ్లలో క్రిటేషియస్ యుగపు అమ్మోనైట్లు దొరికాయి. జియోలాజికల్ సర్వే తరఫున బ్రూస్ ఫుట్ ఒంగోలు తీరాన్ని, విలియం కింగ్ గోదావరి జిల్లాను 19వ శతాబ్దం రెండో సగంలో చుట్టారు. 1933లో లండన్ పండితుడు స్పాత్ ఒక జాతికి పాస్కోయిటెస్ బూదవాడెన్సిస్ అని పేరు పెట్టాడు. మన పల్లెటూరి పేరు మోసిన అమ్మోనైట్ అది. కానీ నది నునుపు చేసిన నల్లగుండ్లు కావివి, షేల్ పలకల మీద నలిగిన ముద్రలు. వీటికి చక్రపూజ ఎవరూ చెయ్యలేదు.

అసలు చమత్కారం కోనసీమ కాళ్ల కిందే ఉంది. 1978లో నర్సాపురం బావిలో గ్యాసు పడ్డాక ఓఎన్‌జీసీ ఈ డెల్టాను కిలోమీటర్ల లోతున తొలిచింది. అమ్మోనైట్లు ఈదిన కాలపు రాఘవాపురం షేల్ కృష్ణా-గోదావరి బేసిన్‌లో గ్యాసు పుట్టించే ముఖ్యమైన పొరల్లో ఒకటని తేలింది. ఆ పైన దొరికిన నల్లరాతి లావా పొరకు రాజోలు ఫార్మేషన్ అని పేరు. రాయే ఎరగని రాజోలు పేరు ఇప్పుడు బసాల్టుకు స్థిరపడింది. పైనున్న మరో పొరకు పాసర్లపూడి పేరు పెట్టారు. 1995 జనవరి 8న బావి పేలి 65 రోజులు మండిన ఊరుగా జనానికి తెలిసిన పేరు అది.

రాజోలు కింది లావాకు సాటిది గోదావరి మెట్టలోని పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో పైకి తేలింది. పశ్చిమ కనుమల వైపు నుంచి సుమారు 1000 కిలోమీటర్లు పారివచ్చిందని, భూమి మీద అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇదొకటని పరిశోధకుల అభిప్రాయం. రెండు లావా పొరల మధ్య సముద్రపు మట్టి, గుల్లలు ఉన్నాయి. ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్ బృందం 2008లో ప్రచురించిన అధ్యయనం ఆ మట్టిలోని సూక్ష్మజీవుల గుల్లలను బట్టి, అది 6.6 కోట్ల ఏళ్ల కిందటి మహావినాశనం ముగిసిన వెంటనే పేరుకున్నదని తేల్చింది. డైనోసార్లతో పాటు అమ్మోనైట్లనూ తుడిచిపెట్టిన వినాశనం అది. అందుకే ఆ మట్టిలో నత్తలు, ఆల్చిప్పలు ఉంటాయి గాని అమ్మోనైట్లు కనిపించవు. ఆ నల్లరాతిని క్రషర్లలో కంకర కొట్టి రోడ్లకూ కాంక్రీటుకూ పంపుతున్నారు.

అగ్రహారాలు ఇప్పుడు పలచబడ్డాయి. పిల్లలు హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉంటారు. సాలగ్రామం ఇంట్లో ఉంటే రోజూ అభిషేకం, మడి, నైవేద్యం తప్పకూడదు. ఆ భయంతో చాలామంది వాటిని గుడికో మఠానికో అప్పజెబుతున్నారు. నాలుగైదు తరాలు విడివిడిగా పూజించినవి ఒకే పళ్లెంలో కలిసిపోతున్నాయి. ఏది ఏ ఇంటిదో చెప్పగలిగిన పెద్దవాళ్లు ఉండగానే ఎవరైనా శ్రద్ధపడి, పేరు, లక్షణం, ఇచ్చిన ఇల్లు, వచ్చిన దారి రాసి పెడితే పురోహితుడికీ పనికొస్తుంది, భూగర్భ శాస్త్రజ్ఞుడికీ పనికొస్తుంది.