లెవోడోపా మోతాదు: పార్కిన్సన్స్ వైద్యంలో ఒక చరిత్ర

పార్కిన్సన్స్ వ్యాధికి ప్రధానమైన మందు లెవోడోపా. అది చేతికందాక కూడా ఎంత ఇవ్వాలో, ఎలా ఇవ్వాలో తేలడానికి అర్ధశతాబ్దం పైగా పట్టింది. ఆ లెక్క నేటికీ మనిషి మనిషికీ మారుతుంది.

లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఆరుగురు రోగుల సంగతి రాసి ఈ జబ్బును లోకానికి తెలిపాడు. ఆ శతాబ్దంలోనే పారిస్‌లో షార్కో ఉమ్మెత్త కుటుంబపు మొక్కల మందులు వాడాడు. వణుకు కాస్త తగ్గేది, అంతే.

1913లో బాసెల్‌లో మార్కస్ గుగ్గెన్‌హైమ్ ఫావా చిక్కుళ్ల నుంచి లెవోడోపాను వేరుచేశాడు. 2.5 గ్రాములు తానే మింగి విపరీతంగా వాంతులు చేసుకున్నాడు. మోతాదు కష్టాలు అక్కడే మొదలయ్యాయి. దూలగొండి గింజల్లోనూ అదే పదార్థం ఉందని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి చూపించారు. కంపవాతానికి ఆయుర్వేదం వాడుతూ వచ్చిన గింజలే అవి. అయితే గింజను బట్టి మందు పాలు మారుతుంది. మాత్రలు వేసుకుంటూ డాక్టరుకు చెప్పకుండా ఆ పొడి కలుపుకోవడం ప్రమాదం.

సర్పగంధి మందు రిసర్పిన్‌తో కదల్లేకుండా పడిపోయిన కుందేళ్లు లెవోడోపా ఇవ్వగానే తేరుకున్నాయని 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ చూపించాడు. రోగుల మెదళ్లలో, లెవోడోపా నుంచి తయారయ్యే డోపమిన్ బాగా తగ్గిపోయిందని 1960లో వియన్నాలో ఎహ్రింగర్, హార్నికీవిచ్ కనుగొన్నారు. మరుసటి ఏడాది అక్కడే బిర్క్‌మేయర్ లెవోడోపాను నరానికి ఎక్కించగా, మంచం దిగలేనివాళ్లు లేచి నడిచారు. ఆ మేలు కొద్ది గంటలే నిలిచింది. తర్వాత చిన్న మోతాదులు వాడి చూసిన కొందరు ఇందులో పస లేదని తేల్చేశారు.

ఈ చిక్కు విప్పినవాడు న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రూక్‌హేవెన్‌లో పనిచేసిన జార్జ్ కోట్జియాస్. కొద్దిగా మొదలుపెట్టి, వికారం అణిగాక మరికొంత పెంచుతూ, వారాల తరబడి ఓపిక పట్టాడు. అలా రోజుకు గ్రాముల కొద్దీ మందు ఇవ్వగలిగాడు. 1967లో ఆయన ప్రకటించిన ఫలితాలు వైద్యాన్నే మార్చేశాయి. నా దృష్టిలో మందును కనుగొన్నంత గొప్ప పని ఇది.

మింగిన మందులో చాలా భాగం మెదడుకు చేరకముందే డోపమిన్‌గా మారి వాంతులు తెప్పించేది. దాన్ని ఆపే కార్బిడోపా, బెన్సెరజైడ్ 1970లలో జతకలవడంతో లెవోడోపా అవసరం నాలుగైదో వంతుకు దిగింది. మన దగ్గర దొరికే సిండోపా 110లో, 125లో లెవోడోపా 100 మిల్లీగ్రాములే. తేడా కార్బిడోపాలో ఉంది: మొదటిదానిలో 10, రెండోదానిలో 25. రోజుకు సుమారు 75 మిల్లీగ్రాముల కార్బిడోపా అందకపోతే వికారం పీడిస్తుంది. అంకె చూడకుండా ఒకదాని బదులు మరొకటి కొనకూడదు.

ఏళ్లు గడిచేకొద్దీ మరో సమస్య బయటపడింది. పొద్దున ఆరింటికి మాత్ర వేసుకున్న మనిషి ఏడింటికల్లా చక్కగా తిరుగుతాడు. పదింటికి గుమ్మం దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. మోతాదు పెంచితే ఒళ్లు తనంతట తానే మెలికలు తిరుగుతుంది. రక్తంలో లెవోడోపా గంటన్నరలోపే సగానికి పడిపోవడం ఇందుకు ఒక కారణం. పప్పు, పాలు, మాంసంలోని ప్రొటీన్ కూడా మెదడుకు దాని దారిని అడ్డుకోగలదు. అందుకే తిండికి అరగంట ముందు వేసుకోమంటారు. తర్వాత బ్రోమోక్రిప్టిన్, సెలిజిలిన్, ఎంటకపోన్ తోడయ్యాయి. డోపమిన్‌లా పనిచేసే మందులు కొందరిని జూదంలోకి దించాయి. ఇంట్లోవాళ్లు సిగ్గుపడి దాచకుండా డాక్టరుకు చెప్పాల్సిన విషయమిది.

మందు త్వరగా మొదలుపెడితే త్వరగా అరిగిపోతుందన్న భయంతో చాలామంది ఏళ్ల తరబడి బాధ ఓర్చుకున్నారు. నెదర్లాండ్స్‌లో 445 మందిపై జరిపి 2019లో ప్రకటించిన పరీక్షలో 40 వారాల ముందు మొదలుపెట్టినవాళ్లకు అదనపు మేలూ కలగలేదు, కీడూ జరగలేదు. ఇక మోతాదుల మధ్య ఎగుడుదిగుళ్లను తగ్గించడానికి, రోజంతా చర్మం కిందికి మందు పంపే పంపుకు 2024లో అమెరికా అనుమతి ఇచ్చింది.